పచ్చ చొక్కాల రోజు

సముద్రం పొలంలోకి వచ్చి, వెనక్కి పోకుండా అక్కడే తిష్ఠ వేసిన ఏడాది, ఆమె సొంత మేనమామే పని ఇప్పిస్తానంటూ వచ్చాడు. "మొక్కలు నాటే పనమ్మా, చల్లగా నీడపట్టున ఉంటారు" అన్నాడు. నమ్మి ఆమె, మొగుడు, మరిది లారీ ఎక్కారు.

తీరా దిగాక అది నాటే పని కాదు, నరికే పని. అడవిని కొట్టి బట్టీల్లో బొగ్గు కాల్చాలి. రోడ్డుకి కనబడేమేర మాత్రం రెండు వరసల మొక్కలు. గుర్తింపు కార్డులు యజమాని బీరువాలో పెట్టించి తాళం వేయించాడు. గేటుకీ తాళమే. పారిపోబోయిన మరిది కాలు కాపలావాళ్ళు విరగ్గొడితే, మేస్త్రీగా కుర్చీలో కూర్చున్న మేనమామ "తొందరపడ్డాడు" అని చప్పరించాడు. ఆనాటినుంచి ఆమె అతన్ని మామయ్యా అనలేదు. కుర్చీ అనేది.

యజమానికి కూలీలు పెట్టిన పేరు చల్లనయ్య. భూమి వేడెక్కిపోతోందని ఏసీ కారు దిగకుండానే తెగ బాధపడేవాడు.

ఒకరోజు, ఆ మొక్కలకి డబ్బిచ్చి, వాటి పేరు చెప్పుకుని తమ ఫ్యాక్టరీల పొగ పాపం కడుక్కునే కంపెనీవాళ్ళు చూడటానికి వచ్చారు. బట్టీలు ఆర్పించారు. కూలీలకి పచ్చ చొక్కాలు తొడిగారు. కార్ల కోసం గేటు బార్లా తెరిచారు.

"వీళ్ళంతా నా కుటుంబం" అన్నాడు చల్లనయ్య, గుండెల మీద చెయ్యేసుకుని.

వాళ్ళతో వచ్చిన, కెమెరా పట్టుకున్నావిడ ఆమెని అడిగింది: "ఇక్కడ ఎలా ఉందమ్మా?"

"కుటుంబమైతే మా కార్డులకి తాళమెందుకో అడగండి. మా మరిది కాలు ఎవరు విరగ్గొట్టారో అడగండి. ఆ బట్టీలు ఇవాళొక్కరోజే ఆర్పారు, వెళ్ళి చూడండి."

"పాపం, ఎండదెబ్బ" అని నవ్వాడు చల్లనయ్య. వచ్చిన పెద్దమనుషులు తమ బూట్లకేసి చూసుకున్నారు. ఒకాయన "ఇవి మీరూ మీరూ మాట్లాడుకోవాలి" అని గొణిగాడు.

"వీళ్ళూ ఆ తానులో ముక్కలే" అనుకుంది ఆమె. కానీ ఆవిడ కెమెరా ఇంకా దించలేదు.

"బీరువా తీయిస్తారా, మమ్మల్ని పగలగొట్టమంటారా?" అంది చల్లనయ్యతో.

మొగుడు గొడ్డలి భుజాన వేసుకుని పక్కన నిలబడ్డాడు. వెనకే ఇంకొందరు. చల్లనయ్య నవ్వు చెదరకుండానే తాళాలు మేనమామ చేతికిచ్చాడు.

"నా పరువు తీశావే" అన్నాడు అతను, కార్డులిస్తూ.

"ఉంటే కదా తీయడానికి!"

మొగుడు తమ్ముణ్ణి వీపున వేసుకున్నాడు. తెరిచిన గేటులోంచి పట్టపగలే నడిచిపోయారు.

కేసు పెడితే చల్లనయ్య మర్నాడే బయటికొచ్చాడు. బట్టీలు మాత్రం మూతబడ్డాయి. మరిది ఇప్పటికీ కుంటుతాడు. చాలాకాలానికి బస్టాండులో మేనమామ ఎదురై "బాగున్నావా అమ్మా?" అన్నాడు. ఆమె పక్కకి తిరిగి ఉమ్మి, బస్సెక్కింది.