గట్టెక్కిన బండ

చదునైన రాయికి తాడు బిగించి, రెండో కొస నడుముకు చుట్టుకుని సవ్సన్ గట్టెక్కుతోంది. ఊరి కాలువలు చూసుకునే మనిషి. పొద్దున నీళ్లు మళ్లిస్తుంది, ఆ పని కాగానే వాగులోంచి రాళ్లు లాగుతుంది. మోకాళ్లు వాచాయి. అరచేతులు కాయలు కాచాయి. రబ్బరు జోళ్ల నిండా ఇసుక.

ఈ పామీర్ లోయలో ఆడవాళ్లు ఖుబానీ పళ్లను వాగు మధ్య బండల మీదే ఎండబెడతారు. వరద వానతోనే వచ్చేది. వాననాడు పళ్లెవరు ఆరబెడతారు? అలా తాతల నుంచీ బతికారు. ఇప్పుడు కాలం తిరగబడింది. కొండ మీద మంచు కరిగి మడుగులు కడుతోంది. మబ్బు తునక లేని మండుటెండలో అవి తెగుతున్నాయి. అంటే సరిగ్గా పళ్లు ఆరే రోజునే! వరదొస్తే ఇళ్లు వదిలి గట్టెక్కడం నేర్పే జిల్లా వాళ్ల కసరత్తు మాత్రం ఏటా వానల ముందే. ఎండాకాలంలోనూ పెట్టాల్సిందేనని సవ్సన్ ప్రతి సభలో గొంతు చించుకుంది. ఊరు ఆమె వెంట నిలబడింది. కసరత్తు మారింది. పళ్లు ఆరబెట్టే కళ్లం గట్టు మీదికొచ్చింది.

మరదలు జేవర్ ఒక్కతే మొండికేసింది.

"చాప మీద ఆరిన పండు గడ్డిలా ఉంటుంది వదినా. రుచంతా బండదే."

"అయితే బండనే పైకి తెస్తానే. నిన్ను మోసేకన్నా అదే తేలిక."

ఆ మధ్యాహ్నం ఎండ ముదిరింది. పొంగాల్సిన వాగు తగ్గిపోయింది. పైన ఏదో అడ్డుపడింది, నీళ్లు దాని వెనక నిలుస్తున్నాయి! సవ్సన్ రాయిని దారిలోనే వదిలి, ఊరి గంటగా వేలాడే ఇనుప పట్టాను పారతో బాదింది. కసరత్తులో నేర్చినట్టే ఇళ్లు ఖాళీ అయ్యాయి. జేవర్ మాత్రం వాగులో పళ్లు ఒడిలోకి ఏరుకుంటోంది.

"మబ్బే లేదు కదా వదినా!"

"మబ్బు కాదే మొద్దూ, వాగును చూడు!"

సవ్సన్ దిగింది. జడ పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

బురద దూకింది. వంతెన పోయింది, బండలు పోయాయి. మనుషులు మాత్రం ఒక్కరూ దానికి చిక్కలేదు. గట్టు మీద ఆడవాళ్లు డప్పులందుకున్నారు. ఊరు ఊరంతా చిందులేసింది.

"జడ ఊడొచ్చేది వదినా!"

"మళ్లీ మొలుస్తుందిలే. టీ పొయ్యి."

సవ్సన్ ఉప్పు టీ సగం తాగి, డప్పులు వింటూ జేవర్ భుజం మీద వాలింది. అలసి కునుకు తీస్తోందనుకున్నారు. గిన్నె చేతిలోంచి జారాక తెలిసింది. గెలిచాకే పోయింది మా సవ్సన్.

మర్నాడు జేవర్ ఆ తాడును తన నడుముకు చుట్టుకుని, దారిలో ఆగిన రాయిని కళ్లం దాకా లాగింది. కళ్లం చివర కూర్చున్న ఆ రాయి మీద, తాడు ఒరుసుకున్న గీత ఇంకా తెల్లగా ఉంది.