డజన్లలో మామయ్య వయసు

మా మామయ్యకి పది అంటే పడదు. మాది గుండీలు తయారుచేసే ఇల్లు. గుండీలు డజన్లలో అమ్ముడుపోతాయి కాబట్టి లోకం కూడా డజన్లలోనే నడవాలంటాడు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తడుముతూ పన్నెండు దాకా లెక్కపెట్టి మళ్లీ మొదటికొస్తాడు. ఇరవయ్యారు అంకెల్లో వేయమంటే రెండు పక్కన రెండు వేస్తాడు, రెండు డజన్ల రెండట! ఈ లెక్క మీదే పోట్లాడి మా ఆయన వేరేచోట పనికి కుదిరాడు. ఆరు నెలలుగా తండ్రీకొడుకులకి మాటల్లేవు. మధ్యలో నలిగి చస్తున్నది నేను.

ఆ మధ్యాహ్నం రంగేసిన గుండీలు ఆరబెట్టే గదిలో నేనూ మామయ్యా పళ్లేలు తిరగేస్తున్నాం. ఆయన కాలు తగిలి తలుపుకి అడ్డంగా పెట్టిన ఇటుక జరిగింది. తలుపు ధడేలున మూసుకుంది. దానికి అంకెల తాళం, లోపలినుంచైనా నంబరు నొక్కాల్సిందే. వేడిగాలి ఆపే మీట బయట. నా ఫోను బయట. పనివాళ్లు భోజనాలకి వెళ్లారు. మామయ్యకి అసలే ఆయాసం.

రోజూ ఇటుకతో నెట్టుకొస్తున్నామేగానీ ఆ నంబరు నొక్కిన పాపాన పోలేదు. తాళం బిగించిననాడు మా ఆయన, "నాన్న వయసు పెట్టాను, మూడుసార్లు తప్పు నొక్కితే గంటసేపు తెరుచుకోదు" అన్నాడు. అంతవరకే తెలుసు.

"మీకు అరవయ్యారు కదా" అని ఆరూ ఆరూ నొక్కాను. ఎర్రలైటు.

"నా వయసంటే నా లెక్కలో ఉంటుందే!" అని ఆయన నన్ను పక్కకి నెట్టి ఐదూ ఆరూ నొక్కాడు. ఐదు డజన్ల ఆరు. మళ్లీ ఎర్రలైటు.

ఒక్కసారే మిగిలింది. ఆయన గోడ పట్టుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. గంట దాకా ఈ మనిషి ఉంటాడా? అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. తాళం బిగించాక ఈయనకి పుట్టినరోజు వచ్చి వెళ్లింది.

"మామయ్యా! అప్పుడు మీకు అరవయ్యైదే!"

"అయితే ఆరూ ఐదూ నొక్కు. వాడికి నా లెక్కంటే ఒళ్లుమంట. పదుల్లోనే పెట్టుంటాడు."

నా వేలు ఆరు దాకా వెళ్లి ఆగిపోయింది. ఈయన ఎదుట ఎంత ఎగిరిపడ్డా, ఈయన లేనప్పుడు కొనేవాళ్లతో మా ఆయన చెప్పడం నేను విన్నాను: "మా నాన్నకి ఈ ఏడాది ఐదు డజన్ల ఐదు. రెండంకెలూ ఒకటే, చూడముచ్చటగా లేదూ?"

దేవుడా అనుకుని ఐదూ ఐదూ నొక్కాను. తలుపు తెరుచుకుంది.

ఆయన్ని బయటికి లాక్కొచ్చి కూర్చోబెట్టి, గాలి మీట కట్టేశాను. ఊపిరి కాస్త కుదుటపడగానే లేచాడు. మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు. తలుపు తనే మూసి, ఐదూ ఐదూ నొక్కి తెరిచాడు. మళ్లీ మూసి తెరిచాడు.

"నా లెక్కలోనే పెట్టాడే, వెధవ" అని బావురుమన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఫోను ఇమ్మని చెయ్యి చాపాడు. మా ఆయనకి కలిపి ఇచ్చాను, ఎత్తాడు.

"ఒరేయ్, నాకో ఏడాది పెరిగిందిరా. వచ్చి తాళం నంబరు మార్చు" అన్నాడు మామయ్య.