ఊదేవాడి గడ్డ

మా ఆయన ఎక్రెమ్‌కు దవడ కింద గడ్డ లేచి మూడేళ్లయింది. మొదట శనగగింజంత ఉండేది, తరువాత అక్రోటు కాయంత అయింది. మా వ్రాన్యె ఊళ్లో బాకా ఊదేవాళ్ల ఇళ్లలో దానికో గౌరవం కూడా. ఊదీ ఊదీ గాలి అక్కడ చేరుతుందట, గడ్డ ఎంత పెద్దదైతే ఊపిరి అంత గట్టిదట. మా మామగారు జెమైల్ పెళ్లిళ్లలో కొడుకు గడ్డను అందరికీ చూపించి మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఉత్త గాలైతే నొప్పెందుకు, చీము పట్టడమెందుకు?

పోరి పోరి ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లాను. డాక్టరమ్మ స్లావిత్సా స్కానింగ్ తీయించి, సూదితో నీరు లాగి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా పది రోజులు నా ప్రాణం నా దగ్గర లేదు. క్యాన్సర్ కాదు, నీటితిత్తి అంది. కాని పెరుగుతోంది కాబట్టి తీసేయాల్సిందేనట. కింది పెదవిని కదిలించే నరం దాని పక్కనే ఉంది, జాగ్రత్తగా కోస్తాను అని కూడా చెప్పింది. ఆ ఒక్క మాటకు మా ఆయన ముఖం పాలిపోయింది. పెదవి పడిపోయిన బాకావాణ్ని పెళ్లికి ఎవరు పిలుస్తారు?

ఆయన వసంతంలో వచ్చే జార్జి పండుగ అయ్యాక అన్నారు, వేసవి పెళ్లిళ్లయ్యాక అన్నారు. నేను గొంతు చించుకుంటే చివరికి ఒప్పుకున్నారు. ఆపరేషన్ రోజు ఖాళీ కడుపుతో రమ్మని ఆసుపత్రివాళ్లు చెప్పారు. నేను బట్టలు సర్దేలోపు మామగారు ధైర్యానికని కొడుకు చేత రెండు గ్లాసుల రకియా సారా తాగించారు. ఆసుపత్రిలో మత్తు డాక్టరు వాసన పట్టి మమ్మల్ని వెనక్కి పంపేశాడు.

"అది తిండి కాదుగా, తాగుడేగా," అన్నారు మామగారు.

"మీ అబ్బాయి గొంతు కోసేది డాక్టరమ్మ కాదు మామయ్యా, మీరే," అన్నాను. ఇంక ఆపుకోవడం నా వల్ల కాలేదు.

నెల తరువాత మళ్లీ తేదీ ఇచ్చారు. ఈసారి ముందురోజే ఆయన్ని మా పుట్టింట్లో పెట్టి కాపలా కాశాను. గడ్డ పగలకుండా బయటికొచ్చింది. మెలకువ వచ్చాక డాక్టరమ్మ పళ్లు చూపించమంది. పెదవి ఒక పక్క కదల్లేదు. నరం తెగలేదు, నలిగింది, కొన్ని వారాలు పడుతుంది అంది. ఆ వారాలు నేనెలా గడిపానో నాకే తెలుసు. వీధి వీధంతా నన్నే ఆడిపోసుకుంది. మామగారు మాత్రం రోజూ కొడుకు పెదవినే చూస్తూ కూర్చునేవారు.

ఏడో వారం మా ఆయన పెరట్లో బాకా ఎత్తారు. మొదట తుస్సుమంది. రెండోసారి స్వరం నిలిచింది. నేను ఏడ్చేశాను. మామగారు ఏమన్నా అంటే కడిగేద్దామని ఆయన వైపు తిరిగాను. ఎండాకాలంలో కూడా తీయని మెడగుడ్డ విప్పుతున్నారు. దవడ కింద కోడిగుడ్డంత గడ్డ ఉంది. పళ్లు ఊడాయని చెప్పి నలభై ఏళ్లకే బాకా మూలపెట్టిన మనిషి ఆయన.

"పళ్లు కాదమ్మా, నొప్పి. పెదవి పోతుందని భయపడి కోయించుకోలేదు. ఊదడం మానేశాక దీన్ని ఎవరికి చూపించుకోను?" అన్నారు. గడ్డను తడుముకుంటూ, "ఇప్పుడు కోయిస్తే మళ్లీ ఊదగలనా?" అని అడిగారు.

ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. మూడేళ్లుగా దాచిపెట్టుకున్న తిట్లన్నీ మింగేసి, ఆయన చేతిలోని మెడగుడ్డ అందుకున్నాను.

"పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోదాం మామయ్యా," అన్నాను. "ఆ రకియా సీసా మాత్రం ఇప్పుడే నా చేతికివ్వండి."