వన్స్‌మోర్ వణుకు

నేను ఒక ఇత్తడి బరిణెను. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, బిగుతైన మూత. అజ్జరంలో ఒక కంచరి నన్ను కుంకుమ కోసం చేశాడు గానీ, నా నుదుట రాసింది వేరు. తెనాలిలో పద్యనాటకాలు నేర్పే రాఘవాచారి గారు నన్ను కొని నిండా పటికబెల్లం పోశారు. పోయేముందు, "గొంతుకి ఇంతకు మించిన మందు లేదురా" అంటూ శిష్యుడు పానకాలు చేతిలో పెట్టారు.

అబ్బ, ఏం రోజులవి! ముఖానికి రంగు పూసుకుంటూ పానకాలు ఖాళీ కడుపున నాలుగు పలుకులు నోట్లో వేసుకునేవాడు. తింటే ఆయాసమని అన్నం ముట్టేవాడు కాదు. రెండు గంటలు తిరిగేసరికి, రాజ్యం పోయిన రాజు అడవిలో విలపించే ఘట్టం వచ్చేది. సరిగ్గా అప్పుడే ఒళ్ళంతా చెమట, చేతులు గజగజ, గొంతులో జీర. "వన్స్‌మోర్!" అని జనం ఊగిపోయేవారు. అదంతా నటన అనుకున్నారు వెర్రిబాగులవాళ్ళు. పానకాలూ అలాగే అనుకున్నాడు. తెర వెనక భార్య తిరుపతమ్మ ఇంకో పలుకు పెడితే తేరుకునేవాడు, కాసేపటికి మళ్ళీ మొదలు. నేనే బతికిస్తున్నానని తెగ మురిసిపోయాను.

ఒకనాడు పద్యం మధ్యలో మాట మరిచి కుప్పకూలాడు. ఉగాదిలోపు కుదుటపడకపోతే ఆ వేషం ఇంకొకరికిస్తామని నాటక సమాజం వాళ్ళు తేల్చి చెప్పారు. ఇరవై ఏళ్ళుగా వేస్తున్న వేషం, ప్రాణం పోయినంత పనైంది ఆయనకు.

షుగరు జబ్బేమోనని పరీక్ష చేస్తే పరగడుపున ఏమీ లేదు. డాక్టరమ్మ ఆసుపత్రిలోనే టిఫిను పెట్టించి, గంటగంటకీ రక్తం తీయించింది. మూడో గంటకి చక్కెర యాభైకి దిగింది, ఆ వణుకూ వచ్చింది. "వేషానికి ముందు ఏం తింటారండీ?" అని అడిగితే తిరుపతమ్మ నన్ను తీసి చూపించింది.

"తీపి పడగానే మీ ఒళ్ళు ఇన్సులిన్ ఎక్కువ వదులుతోంది. కాసేపటికి చక్కెర దబ్బున పడిపోతోంది. మరీ పడినప్పుడు కాస్త తీపి తప్పదు, కానీ వెనకాలే తిండి పడాలి. ఖాళీ కడుపున మాత్రం ఇది వద్దు. మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. గుడ్డు, సెనగలు, వేరుశెనగ గుళ్ళు" అంది డాక్టరమ్మ.

ఇత్తడిదాన్నైనా నా గుండె గుభేలుమంది. దోషిని నేనా!

పానకాలు దిగులు వేరు. "గుళ్ళు గొంతు గీరేస్తయ్యే. గురువుగారుంటే తన్నేవారు. అయినా వణుకు పోతే ఇంక నా ఏడుపెవరు చూస్తారు?"

"ముందు నిలబడవయ్యా, తర్వాత ఏడుద్దువుగాని" అంటూ తిరుపతమ్మ నన్ను చింతపండుతో తోమి గుళ్ళు నింపింది.

ఉగాది నాటకం. అడవి ఘట్టం వచ్చింది. చెమట లేదు, వణుకు లేదు. పద్యం చివరిదాకా పాడాడు. ఎవరూ కిక్కురుమనలేదు. ఆయన మొహం వాడిపోవడం తిరుపతమ్మ ఒళ్ళోంచి చూశాను. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

ముందు వరసలో ఒక ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "పానకాలూ, ఇరవై ఏళ్ళ నుంచి నీ పద్యం ఇంటన్నా. ఆఖరి పాదం ఇయ్యాలే వినపడింది. ఇంకోసారి పాడయ్యా!"

పాడాడు. వేషం ఆయనకే ఉండిపోయింది, ఇంకో పదేళ్ళు.

ఇప్పుడు పానకాలు లేడు. నేను సమాజం వాళ్ళ అద్దాల బీరువాలో ఉన్నాను. నా ముందు చీటీ పెట్టారు, "పానకాలు గారి పటికబెల్లం బరిణె" అని. పోనీలెండి, మనుషులకి తీపే గుర్తుంటుంది. నా మూత అంచున ఒక వేరుశెనగ పొట్టు ఇంకా అతుక్కుని ఉంది. దాన్నెవరూ తుడవకుండా ఉంటే చాలు.