అద్దం ఒప్పుకున్న కోటు

పొద్దున తొమ్మిదింటికి కుట్టుషాపు షట్టరు లేవగానే బొత్తాం చేసే మొదటి పని అద్దం తుడవడం. పాత బనీను గుడ్డ తడిపి, పిండి, పక్కన నిలబడి చెయ్యి మాత్రం చాచి తుడుస్తుంది. ఎదురుగా మాత్రం నిలబడదు. అద్దం ముందు గిరాకీలే నిలబడాలి, పనిచేసేవాళ్లు పక్కన ఉండాలి అని అత్త పెట్టిన రూలు. ఒకేసారి ఇద్దరు కనబడితే అద్దం తికమక పడుతుందట.

అది నిలువెత్తు అద్దం. చెక్క చట్రంతో సహా గోడలోకి బిగించేసి ఉంది. కుట్టిన బట్ట ఒంటికి కుదిరితే అద్దంలో మనిషి బుద్ధిగా బయట మనిషిలాగే నిలబడతాడు. కుదరకపోతే, బయట మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నా సరే, లోపలి మనిషి గుండీలు విప్పుకుని, చొక్కా తీసి, మడతపెట్టి స్టూలు మీద పెట్టేస్తాడు. తర్వాత బనీనుతో నిలబడి ఎటో చూస్తుంటాడు. దానికి గిరాకీలు ఏమీ అనుకోరు. "అద్దం తీసేసిందమ్మా, గురువారం వస్తా" అని చొక్కా వదిలేసి పోతారు. మొహమాటపడేవాళ్ల కోసం అత్త ఒక తెర కూడా కట్టించింది.

పక్కషాపు గొడుగులాయనకి ఒక్కడికే ఆ అద్దమంటే పడదు. ఆయన వేసుకునేవన్నీ రెడీమేడ్ చొక్కాలు. షాపులోకి వచ్చిన ప్రతిసారీ లోపలి గొడుగులాయన ఆ చొక్కా తీసేస్తాడు, బొజ్జ బయటపడుతుంది. అందుకని ఆయన అద్దం దాటేటప్పుడు గొడుగు విప్పి అడ్డం పెట్టుకుని దాటుతాడు. షాపు తనకిచ్చేస్తే మధ్యలో ఆ అద్దం గోడ కొట్టించి రెండు షాపులూ ఒకటి చేసుకుంటానని ఆయన ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాడు. వచ్చినప్పుడల్లా గోడ పొడుగున అడుగులేసి కొలుచుకుని పోతాడు, ఈ వారంలో గోడేమైనా పెరిగిందేమోనన్నట్టు.

బొత్తాం ఈ షాపుకి పంతొమ్మిదేళ్లప్పుడు వచ్చింది. మేనత్త దగ్గర గుండీలు కుట్టడానికని వచ్చింది కాబట్టి ఆ పేరే మిగిలిపోయింది. ఇప్పుడు నలభై ఒకటి. వచ్చిన కొత్తలో మిగిలిన లైనింగు ముక్కలతో తనకోసం ఒక పనికోటు కుట్టుకుంది, దారప్పోగులు ఒంటికి అంటకుండా. అది వంకర. కాలరు ఒక పక్కకి పోతుంది, కుడిజేబు ఎడమజేబు కంటే రెండువేళ్లు కిందకుంది. అది చూసి అత్త, జేబేంటే జారిపోతోంది, మోకాలి దాకా వెళ్తుందా అని నవ్వింది. విప్పి కుడదామని అనుకుంటూనే ఇరవై రెండేళ్లు గడిచాయి. రోజూ అదే వేసుకుంటుంది. ఛాతీ మీద గుండుసూదులు, జేబులో సుద్దముక్క.

చొక్కాలు, ప్యాంట్లు బొత్తాం ఎప్పుడో నేర్చేసుకుంది. అద్దం కూడా వాటికి పెద్దగా పేచీ పెట్టదు. కోటు దగ్గరే వచ్చింది చిక్కంతా. నువ్వు కుట్టిన కోటుని అద్దం ఒప్పుకున్న రోజున పెద్దబల్ల నీది, కత్తెర నీది, షాపు నీది అని అత్త మొదటి ఏడాదే చెప్పింది. అత్తకి కూడా వాళ్ల గురువు అలాగే ఇచ్చిందట. బొత్తాం పదిహేడుసార్లు కోటు కుట్టింది. పదిహేడుసార్లూ లోపలి మనిషి తీసి స్టూలు మీద పెట్టేశాడు. ఒకసారి హెడ్మాస్టరుగారి కోటుకి మాత్రం అద్దం ఒక చెయ్యి తీసి ఊరుకుంది. కాసేపాగి రెండో చెయ్యి కూడా తీసేసింది. అన్నిసార్లూ అత్తే వాటిని విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది.

ఎక్కడ తప్పుతోందో ఇద్దరికీ తెలీదు. కుట్లు చూస్తే అత్త కుట్లకంటే బొత్తాం కుట్లే సన్నం. అత్త కొలతలు తీసుకునేటప్పుడు ఒకటే వాగుడు. మీ చెల్లెలు కాపురానికి వెళ్లిందా, మీ వీధిలో కుళాయి బాగుచేశారా, ఇలా అడుగుతూనే టేపు తిప్పేస్తుంది. అది టైము దండగ అని బొత్తాం మనసులో అనుకునేది. తనకి మొదట్నుంచీ సిగ్గు, కొత్తవాళ్లతో మాట పెగలదు. అందుకని, "నిటారుగా నిలబడండి, కదలకండి" అని రెండు ముక్కలు చెప్పి శ్రద్ధగా కొలిచేది. వాళ్లు కూడా పాపం పొట్ట లోపలికి పీల్చుకుని, స్తంభాల్లాగా నిలబడేవాళ్లు.

ఈ ఏడాది ఎండలు మొదలయ్యేసరికి అత్తకి సూదిలో దారం ఎక్కడం మానేసింది. పదకొండుసార్లు తడిపి, నలిపి, వెలుతురుకి పెట్టి చూసి, సూదీ దారమూ రెండూ బల్లమీద పెట్టేసింది. వానల దాకా చూస్తానంది. అప్పటికీ బొత్తాం కోటు నిలబడకపోతే గోడ గొడుగులాయనకి ఇచ్చేస్తానంది. మాట అన్నాక అత్త వెనక్కి తీసుకునే రకం కాదు.

అలాంటప్పుడు పోస్టాయన వచ్చాడు. ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు, ఆ రోజు వేసుకోడానికి కోటు కావాలి. ముప్పై నాలుగేళ్లు ఎడమభుజానికి సంచి తగిలించుకుని తిరిగిన మనిషి. ఎడమభుజం నాలుగువేళ్లు కిందకి దిగిపోయింది.

బొత్తాం అలవాటుగా నిటారుగా నిలబడమంది. ఆయన నిలబడ్డాడు. భుజం లేచింది, రెండు క్షణాలుంది, మళ్లీ జారింది. మళ్లీ చెప్పింది. మళ్లీ జారింది.

"ఇదే తల్లీ నా నిటారు," అన్నాడు పోస్టాయన. "ఇంతకుమించి లేదు స్టాకు."

బొత్తానికి నవ్వొచ్చింది. ఆయన ఇంక మొదలుపెట్టాడు. మూడో సందులో ఒక కుక్క తొమ్మిదేళ్లు ఆయన్ని తరిమింది. దానికోసం చుట్టూ తిరిగి వెళ్లేవాడు, ఒకసారి గోడ కూడా దూకాడు. ఇప్పుడు దానికి ముసలితనం వచ్చేసింది, లేవలేదు. పడుకునే ఒక్కసారి భౌమంటుంది. ఆ ఒక్కసారి అనిపించుకోడానికి ఉత్తరం లేకపోయినా ఆ సందులోకి వెళ్లొస్తున్నాడట. నెలాఖరు తర్వాత అది ఎవర్ని చూసి అరుస్తుందో ఏమోనన్నాడు. ఆయన చెబుతూ చెయ్యి ఊపాడు, వంగాడు, గోడ దూకినట్టు భుజం తిప్పాడు. బొత్తాం వింటూనే టేపు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగింది. కథ అయ్యేసరికి కొలతలన్నీ కాయితం మీదున్నాయి. ఎప్పుడు రాసిందో తనకే గుర్తులేదు.

పన్నెండు రోజులు కుట్టింది. ఎడమభుజం కింద ఒక పల్చటి మెత్త పెట్టి, చంక దగ్గర చెయ్యి ఊగేంత వదిలి, ఎడమ అంచు కొంచెం పొట్టి చేసింది. బల్లమీద పరిస్తే ఆ కోటు ఏదో గాలివాటుకి ఒరిగినట్టుంది. అత్త చూసి పెదవి విరిచింది.

ట్రయలు రోజున పోస్టాయన అద్దం ముందు నిలబడ్డాడు. బొత్తాం పక్కన మోకాళ్లమీద కూర్చుని లోపలి మనిషి చేతులకేసి చూసింది. లోపలి పోస్టాయన కాలరు సర్దుకున్నాడు. పై గుండీ దగ్గరకి చెయ్యి వెళ్లింది. బొత్తాం కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆ చెయ్యి గుండీ పెట్టేసుకుని, ఇంక పనేం లేదన్నట్టు జేబులోకి వెళ్లిపోయింది.

అత్త కళ్లద్దాలు తీసి పమిటతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూసింది. కోటు ఒంటి మీదే ఉంది.

పోస్టాయన చంకలో పట్టెయ్యడం లేదని మెచ్చుకుని, కోటు వేసుకునే ఎండలో నడిచి వెళ్లిపోయాడు. అంతే. అత్త గోడకున్న పెద్ద కత్తెర తీసి బొత్తాం చేతిలో పెట్టింది. చుట్టుపక్కల షాపులవాళ్లు వచ్చారు, మిఠాయిలు పంచారు. బస్సు కండక్టరు అయిన బొత్తాం మొగుడు ఆ రోజు బస్సులో ఎక్కిన వాళ్లందరికీ టిక్కెట్టుతో పాటు ఆ సంగతి కూడా చెప్పాడట.

బొత్తాం అందరికీ నవ్వుతూ తలూపింది. లోపల మాత్రం చూసుకుంటూనే ఉంది, ఏదైనా వస్తుందేమోనని. ఇరవై రెండేళ్లు ఈ రోజు ఎలా ఉంటుందో అనుకుంటూ బతికింది. గుండె ఉప్పొంగుతుందని, కళ్లనీళ్లు తిరుగుతాయని. ఏం రాలేదు. మరునాడు పెద్దబల్ల వెనక కూర్చుంది. అక్కణ్ణించి రోడ్డు కనబడుతుందని ఎన్నాళ్లో అనుకుంది. కనబడేది ఒక కరెంటు స్తంభం, ఒక మురుక్కాలవ మూత.

ఆ వారమంతా బొత్తాం కత్తెర ముట్టుకోలేదు. ఒకతను ప్యాంటుకి గుడ్డ తెస్తే ఉంచేసి వచ్చే వారం రమ్మంది. అన్నం దగ్గర మొగుడు ఏమైందని అడిగాడు. ఆకలి తీరినట్టు లేదు, ఆకలే పోయినట్టుంది అంది. పోనీ ఒక ముద్ద తిను అన్నాడాయన, కూర గురించి అనుకుని.

శనివారం అత్తతో చెప్పేసింది.

"అత్తా, గోడ ఇచ్చేద్దాం. నాకింక కుట్టడానికేం మిగల్లేదు."

అత్త చాలాసేపు చేతిలో దారపుండ చుట్టుకుంటూ కూర్చుంది. షాపు నీది, ఇష్టం నీది అంది. సంగతి తెలిసి గొడుగులాయన ఆ సాయంత్రమే తాపీమేస్త్రితో మాట్లాడేసుకున్నాడు.

సోమవారం పొద్దున మేస్త్రి సుత్తి, ఉలి తెచ్చాడు. గోడమీద పైనుంచి కిందకి గీత గీశాడు. గొడుగులాయన పెద్ద నల్లగొడుగు విప్పి అడ్డం పెట్టుకుని వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. ముందు అద్దం దించాలి, లేకపోతే పగిలిపోతుందన్నాడు మేస్త్రి. చట్రానికి ఆరు స్క్రూలున్నాయి. రెండు విప్పేసరికి అద్దం కొంచెం ముందుకి ఒరిగింది.

"అమ్మా, ఎదురుగా నిలబడి రెండు చేతులా పట్టుకోండి," అన్నాడు.

బొత్తాం వెళ్లి పట్టుకుంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ అద్దానికి ఎదురుగా నిలబడింది.

లోపల ఒక ఆవిడ. చెవి దగ్గర తెల్లవెంట్రుకలు. మిషను మీద వంగీ వంగీ మెడ ముందుకొచ్చింది, కుడిభుజం కిందకి దిగింది. ఒంటిమీద లైనింగు ముక్కల పనికోటు. బొత్తానికి చెవులు వేడెక్కాయి. ఇంత వంకర కోటు ఇప్పుడు తీసేస్తుంది, మేస్త్రి ముందు, గొడుగులాయన ముందు. చూస్తూ నిలబడింది.

లోపలి ఆవిడ తీయలేదు.

బొత్తాం పట్టిపట్టి చూసింది. పక్కకి పోయే కాలరు ఆ ముందుకొచ్చిన మెడమీద సరిగ్గా కూర్చుంది. రెండువేళ్లు దిగిన జేబు, దిగిన భుజం కింద, చెయ్యి ఎక్కడ వాలుతుందో సరిగ్గా అక్కడే ఉంది. ఈ కోటు మొదటిరోజే కుదిరిందో, ఇన్నేళ్లూ తనే దాంట్లోకి ఒదిగిందో తెలీదు. దాన్ని ఇప్పుడు ఎవరూ తన ఒంటినుంచి వేరు చెయ్యలేరు.

బయట బొత్తాం చేతులు రెండూ అద్దం మీదే ఉన్నాయి. లోపలి ఆవిడ మాత్రం చెయ్యి దించి, కుడిజేబులోంచి సుద్దముక్క తీసుకుంది. వెనక్కి తిరిగి పెద్దబల్ల దగ్గరికి నడిచింది. ఎవరో ప్యాంటుకిచ్చిన గుడ్డ పరిచి, అరచేత్తో సాపు చేసి, ఒక్క గీత గీసింది. నిండైన గీత, ఎక్కడా వణకలేదు.

ఈ గీత నాది, అనుకుంది బొత్తాం. ఆ రోజు రావాల్సిందేదో ఇప్పుడొచ్చింది. పొంగుకుని రాలేదు. పాత చెప్పులో కాలు పెట్టినట్టు, నెమ్మదిగా వచ్చి ఒంటినిండా సర్దుకుంది. మెడ వంగినంతలోనే తలెత్తుకుంది.

"బిగించెయ్యన్నా," అంది మేస్త్రితో. "గోడ కొట్టడం లేదు."

గొడుగులాయన గొడుగు వెనకనుంచే లబోదిబోమన్నాడు. మాటంటే మాటేనన్నాడు, వానలొచ్చేస్తున్నాయి, సరుకు ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. బొత్తాం ఆయన దగ్గరికెళ్లింది. గిరాకీ కోసం తనంతట తాను మాట కలపడం తనకిదే మొదలు.

"బాబాయ్, మీ చొక్కా ఈసారి నేను కుడతా. గొడుగు మూసి నడుద్దురుగాని."

గొడుగులాయన గొడుగు కొంచెం కిందకి దించాడు. బొజ్జ దగ్గర కాస్త వదులుండాలని మెల్లగా అన్నాడు.

మేస్త్రి స్క్రూలు బిగించి వెళ్లాక షాపులో అత్తా మేనకోడలూ ఇద్దరే మిగిలారు. అత్త ఇందాకట్నుంచీ మిషను దగ్గర స్టూలు మీద కూర్చునే ఉంది. దారపుండ మాత్రం చుట్టిందే చుట్టడంతో బంతంత అయ్యింది. బొత్తాం ఆ వీపుకేసి చూసింది. ఊళ్లో సగం మందికి కోట్లు కుట్టిన మనిషి, తన ఒంటికి ఒక్కటీ కుట్టుకోలేదు.

మెడలోంచి టేపు తీసింది.

"అత్తా, ఒకసారి లే. నీ మొదటి కోటు అద్దం ఒప్పుకున్న రోజు ఏం చేశావు?"

"ఏం చేస్తాను పిల్లా. ఇంటికెళ్లి గిన్నెలు తోముకున్నా," అంది అత్త లేస్తూ. "ఇంతేనా అనిపించింది. తోమిన గిన్నే మళ్లీ తోమా." అంతలో టేపు భుజాన పడటం చూసి గబుక్కున నడుం సరిచేసుకోబోయింది. "ఏంటే, నాకా? నిటారుగా నిలబడాలా?"

"వద్దు," అంది బొత్తాం. "నువ్వు చెప్పు. గిన్నెలు తోమావు. తర్వాత?"