పళ్ళెం ముట్టుకుంటే హాజరు

గంట కొట్టేశారు. అగ్రిపినా అవ్వ ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది.

అవ్వకు మెక్సికోలోని సొంతూరి భాష మిష్టెకో తప్ప మరో భాష రాదు. ఆమె చెప్పింది ఎర్మిలా స్పానిష్‌లో చెప్పాలి. ఎర్మిలా చెప్పింది బడుల బోర్డు తెచ్చిపెట్టిన అమ్మాయి ఇంగ్లీషులో చెప్పాలి. మనిషికి మూడు నిమిషాలు. రెండు నోళ్ళు దాటి అవ్వ మాట ఆ బల్ల దగ్గరికి చేరేసరికి, "మా పిల్లల బడి ఉంది కదా, దాన్ని..." అన్నంతవరకే వచ్చింది. దాన్ని ఏం చేయొద్దంటోందో వినడానికి అక్కడెవరికీ తీరిక లేదు.

"థాంక్యూ, మేడమ్. తర్వాత ఎవరు?" అన్నాడు బోర్డు అధ్యక్షుడు టిడ్‌వెల్.

"అవ్వ ఇంకా చెప్పనే లేదయ్యా," అంది ఎర్మిలా.

"అందరికీ మూడు నిమిషాలే. రూలు నాకైనా ఒకటే," అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, ఆ మర్యాదకే ఎర్మిలాకు ఒళ్ళు మండిపోయింది.

బల్ల వెనక ఐదుగురు. ఐదుగురికీ తోటలున్నాయి. టిడ్‌వెల్‌కు నాలుగు వందల ఎకరాల చెర్రీ తోటా, ఆ తోటలో కాయ కోసేవాళ్ళుండే లా నోరియా కాంపూ కూడా ఉన్నాయి. ఊళ్ళో ఓటున్నవాళ్ళు వాళ్ళను ఎన్నుకుంటారు. కాంపులో రెండు వందల కుటుంబాలున్నాయి, అమెరికాలో ఉండడానికి కాగితాలు లేని కుటుంబాలు, వాళ్ళలో ఓటున్న చెయ్యి లేదు. మీటింగు సాయంత్రం నాలుగింటికి పెడతారు, కూలీలు నిచ్చెనలు దిగే వేళకి ముందే. ఎర్మిలా ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చింది.

బడుల సూపరింటెండెంటు లేచి కాగితం చదివాడు. లా నోరియా బడిలో మూడో తరగతి పిల్లల్లో నూటికి తొమ్మిది మందికే సరిగ్గా చదవడం వస్తోందట. ఇంత అధ్వాన్నమైన ఫలితాలు వచ్చే బడిని నడపడం పిల్లలకే అన్యాయమట. జూన్ నుంచి మూసేసి, పిల్లల్ని బస్సులో ఇరవై రెండు మైళ్ళ దూరంలోని ఊరి బడికి తోలతారట.

చదువు చెప్పే టీచర్లిద్దరినీ రెండేళ్ళ కింద అదే ఊరి బడికి మార్చింది ఎవరని ఆ కాగితంలో లేదు. కాళ్ళు విరగ్గొట్టి, పరిగెత్తలేదేమని అడగడమంటే ఇదే.

ఐదు చేతులు లేచాయి. అయిపోయింది.

---

తిరిగి వచ్చేటప్పుడు ఎర్మిలాకు దారి పొడుగునా తొమ్మిదేళ్ళ కూతురు నెరెయిదాయే కళ్ళ ముందు మెదిలింది. ఎర్మిలాకు చదువు రాదు, ఏ భాషలోనూ రాదు. కిందటి నెల ఆదివారం తల్లి వెంట తోట గేటు దాకా వచ్చిన ఆ పిల్ల, అక్కడ వేలాడదీసిన అట్ట ముక్క మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "అమ్మా, పురుగుల మందు కొట్టారంట. గురువారం దాకా లోపలికి పోకూడదంట." మేస్త్రీ చానో అప్పటికే నలభై మందిని లోపలికి తోలడానికి వరస కట్టిస్తున్నాడు. ఆ రోజు ఆడవాళ్ళు గేటు దాటలేదు. చానో ఆ పిల్లను చూసిన చూపు ఎర్మిలా మరిచిపోలేదు.

పిల్ల ఇప్పుడిప్పుడే అందుకుంటోంది. తెల్లవారుజామున ఐదున్నరకు బస్సెక్కి, ఊళ్ళో వెనక బెంచీలో కూర్చుని, కొత్తవాళ్ళ మధ్య నోరు మూసుకుంటే ఆ అందుకున్నదీ జారిపోతుంది. ఎర్మిలాకున్న భయమంతా అదే.

ఆదివారం బట్టలుతికే రేకుల షెడ్డు వెనక జనం కూడారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. అప్పుడు ఎర్మిలా మరిది సెల్సో నోరు విప్పాడు.

"ఓటా లేదు. కాగితాలా లేవు. ఉండే గది టిడ్‌వెల్‌ది. ఏం పెట్టుకుని కొట్లాడతావు వదినా?"

"నువ్వు గమ్మునుండు. రాని మీసాన్ని తిప్పుతా కూర్చుంటావు, పనికొచ్చే మాట ఒక్కటి రాదు," అంది ఎర్మిలా. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. "నా కూతురు గేటు మీద అట్ట చదివింది. మీరంతా ఆ రోజు బతికి బయటపడ్డారు. చదవడం వచ్చిన పిల్ల ఒక్కతి ఉంటేనే ఆ చానోగాడికి అంత కష్టమైతే, రెండొందల మంది ఉంటే టిడ్‌వెల్‌కి ఎంత కష్టమో ఆలోచించండి. వాళ్ళు మూసేది బడి కాదు, మన పిల్లల నోరు."

రొసాల్బా అప్పుడు చెయ్యెత్తింది. ఆమె బడి వంటగదిలో పన్నెండేళ్ళుగా వంట చేస్తోంది. "ఒక సంగతి చెప్తా. ఆఫీసులో వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నా. పిల్ల బడికొచ్చిన రోజుకే రాష్ట్రం వాళ్ళకి డబ్బిస్తుంది. పిల్ల రాకపోతే ఆ రోజు డబ్బు రాదు. ఊరి బడికీ మన బడికీ డబ్బు పెట్టె ఒకటే. మన పిల్లలు రాకపోతే ఆ ఐదుగురికీ ఊపిరాడదు."

షెడ్డు వెనక గాలి మారిపోయింది. ఓటు లేనివాళ్ళ దగ్గర ఏదో ఒకటి ఉందన్నమాట.

"సోమవారం ఎవరి పిల్లా బడికి పోకూడదు," అంది ఎర్మిలా. అగ్రిపినా అవ్వ అందరికంటే ముందు చెయ్యెత్తింది, ఆమెకు బడికెళ్ళే పిల్లలు లేకపోయినా.

---

సోమవారం సాయంత్రం చానో చెట్ల వరసల మధ్య నిలబడి నవ్వుతున్నాడు. "ఏం, బంద్ చేశారంటగా? ఇవాళ మీ బడిలో ఏడుగురు తప్ప అందరూ హాజరంట. దొరగారు మీకు థాంక్స్ చెప్పమన్నారు."

ఎర్మిలా నిచ్చెన మీది నుంచి దిగి నేరుగా ఇంటికి నడిచింది.

"బడికి పోవద్దన్నానా లేదా?"

"ఆకలేసిందమ్మా," అంది నెరెయిదా, గోడకు ఆనుకుని. "తినేసి వచ్చేద్దామనుకున్నాం. అందరం అంతే అనుకున్నాం. పళ్ళెం తీసుకోగానే పేరు పక్కన టిక్కు పెట్టారు. తర్వాత గేటేశారు."

ఎర్మిలా కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించేసింది. తప్పు పిల్లదా? చెర్రీ కోతలప్పుడు తల్లులు తెల్లవారుజామున నాలుగింటికే తోటలో ఉంటారు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే లేచి, మొహం కడుక్కుని, బడికెళ్ళి అక్కడే పొద్దుటి తిండి తింటారు. ఏళ్ళుగా అంతే. రెండు వందల మంది తల్లులు కూర్చుని బడి ఎగ్గొట్టే పథకం వేశారు, ఆ పూట పిల్లలేం తింటారని ఒక్కతికీ తోచలేదు. వాళ్ళ పిల్లలకు పొద్దున తిండి పెట్టడమంటే ఏమిటో వాళ్ళు మరిచిపోయి ఎన్నాళ్ళయిందో. ఆ సంగతి తలుచుకుని ఎర్మిలా సిగ్గుతో చచ్చిపోయింది.

రొసాల్బా ఏడుస్తూ వచ్చింది. "ఆ టిక్కులు నేనే పెట్టానక్కా. పన్నెండేళ్ళుగా పెడుతున్నా. ఎన్ని పళ్ళేలు పోయాయో లెక్క అనుకున్నా. అదే హాజరుపట్టీ అని నాకేం తెలుసు. పళ్ళెం ముట్టుకుంటే హాజరంట."

"ఏడవకు. వంట నీకొచ్చు కదా. మన పొయ్యి మీద వండు," అంది ఎర్మిలా.

"రెండొందల మందికా? ఎవరు సాయం చేస్తారు? అందరూ నాలుగింటికే పోతారు కదా."

"బుధవారం నుంచి ఎవరూ పోరు," అంది ఎర్మిలా. ఎంత మాట అందో అన్నాకే ఆమెకు తెలిసింది. బడి మానిపించడం వేరు, కోత మానడం వేరు. చెర్రీ పండిందంటే ఆగదు. పది రోజుల్లో కోయకపోతే చెట్టు మీదే పాడవుతుంది. ఏడాది మొత్తంలో టిడ్‌వెల్‌కు వాళ్ళు అవసరమయ్యే పది రోజులు అవే.

---

కోత మానే కబురు తోటకు చేరినట్టుంది. మంగళవారం సాయంత్రం చానో తెల్ల పికప్ బండి కాంపులో గదుల వరసల మధ్య తిరిగింది. నడిచే మనిషికంటే నిదానంగా, ప్రతి తలుపు ముందూ ఆగి ఆగి. ఎవరినీ ఏమీ అనలేదు. మూడోసారి తిరిగేటప్పుడు ఎర్మిలా గుమ్మం ముందు అద్దం దించాడు.

"గది దొరగారిది. తెలుసుగా?"

"తెలుసు."

"పిల్ల బాగా చదువుతుందంట. జాగ్రత్త."

బండి వెళ్ళిపోయింది. ఎర్మిలా ఇంటి లోపలికి వెళ్ళి నెరెయిదాను దగ్గరికి లాక్కుంది. ఆ రాత్రి ఏడు కుటుంబాలు మూటలు కట్టుకుని కాంపు విడిచిపోయాయి. పోయినవాళ్ళను ఎవరూ తిట్టలేదు. షెరీఫు పోలీసు కారు ఒకటి రోడ్డు మలుపులో వచ్చి ఆగింది. ఎవరూ దిగలేదు.

బుధవారం షెడ్డు ముందు నాలుగు పొయ్యిలు వెలిగాయి. నల్ల చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టెలు. రొసాల్బా గరిటె పట్టుకుని అరుస్తోంది. "పేరు చెప్పక్కర్లేదు, తినండి. ఇక్కడ టిక్కులు లేవు." సెల్సో రొట్టెలు కాలుస్తూ రెండు మాడ్చాడు.

"మీసం సంగతి సరే, రొట్టె కూడా రాదా?" అంది అగ్రిపినా అవ్వ. అది అందరికీ మిష్టెకోలోనే అర్థమైంది.

ఆ రోజు బడిలో పదకొండు మంది పిల్లలున్నారు. తోటలో చానో ఒక్కడున్నాడు.

గురువారం వాన పడింది. చెర్రీకి వానంటే చావు. నీళ్ళు నిలిస్తే కాయ పగులుతుంది. టిడ్‌వెల్ హెలికాప్టర్లు తెప్పించాడు, రెక్కల గాలికి కాయ ఆరాలని. అవి చెట్ల మీద తిరిగి తిరిగి, ప్రతిసారీ మలుపు తీసుకునేటప్పుడు కాంపు మీదికి వంగి వచ్చాయి. రేకులు అదిరాయి. పొయ్యిల బూడిద లేచి పిల్లల పళ్ళేల్లో పడింది. చిన్నపిల్లలు బల్లల కింద దూరారు. ఆడవాళ్ళు తల ఎత్తకుండా రొట్టెలు తడుతూనే ఉన్నారు. ఎంత ఆరబెట్టినా కోసే చెయ్యి లేకపోతే ఏం లాభమో హెలికాప్టరు చెప్పదు.

ఆ సాయంత్రం సూపరింటెండెంటు మనిషిని పంపాడు. పిల్లల్ని రేపు పంపితే టీచర్ల సంగతి "ఆలోచిస్తారట". బడి మూసే సంగతి?

"దాని గురించి ఇప్పుడేం చెప్పలేం," అన్నాడు వచ్చినతను.

"అయితే రేపూ గింజలే," అంది ఎర్మిలా.

---

శుక్రవారం పొద్దున ఏడింటికి షెరీఫు కారు మలుపులోంచి కదిలి షెడ్డు దాకా వచ్చింది. దిగినతను కుర్రవాడు, చేతిలో ఒక కాగితం. ఎర్మిలా పేరు చదివాడు. డిసెంబరులో పక్క రాష్ట్రంలో సొంతూరివాళ్ళు చేసే దేవుడి పండగకని పిల్లను పద్దెనిమిది రోజులు తీసుకెళ్ళిందట. ఈ వారం రెండు రోజులు. మొత్తం హద్దు దాటిందట. కూతుర్ని బడికి పంపని నేరానికి పట్టుకెళ్ళాలట.

ఎర్మిలా అతని మొహం మీదే అడిగింది. "బడి మూసేది వాళ్ళు. బడికి పంపలేదని నన్ను పట్టుకునేదీ వాళ్ళేనా?"

"అవన్నీ నాకు తెలీదమ్మా. కాగితంలో ఉన్నదే నేను చేసేది," అన్నాడు. అతని స్పానిష్ బాగానే ఉంది. వాళ్ళ అమ్మ కూడా ఏదో తోటలో కోసే ఉంటుంది.

నెరెయిదా పరిగెత్తుకొచ్చి తల్లి చెయ్యి కాదు, ఆ కాగితం పట్టుకుంది. పైకి చదివింది, తడబడుతూ, ఒక్కో మాటా. చదవడం అయిపోయాక తల ఎత్తింది. "అమ్మా, ఇందులో నీ పేరొక్కటే ఉంది."

రొసాల్బా గరిటె కింద పెట్టి వచ్చింది. "నాకొక పిల్లాడున్నాడు, నాలుగో తరగతి. వాడూ పోలేదు. నా పేరు రాసుకో."

"నావాళ్ళిద్దరు. రాయి," అంది వెనక ఒకామె.

"నాదీ."

"ఒక్కో మనిషికి ఒక్కో కేసు ఉండాలమ్మా. అట్లా రాయకూడదు," అన్నాడు కుర్రవాడు. అతని చెయ్యి నడుము మీది తుపాకీ దగ్గరికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నలభై మంది ఆడవాళ్ళు కారు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ కారును ముట్టుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు పిల్లల పేర్లూ తరగతులూ చెబుతూనే ఉన్నారు. సెల్సో కూడా వచ్చి నిలబడ్డాడు, అతనికి పిల్లలు లేరు. అగ్రిపినా అవ్వ నేరుగా కారు ముందు, తడి నేల మీద కూర్చుంది.

నలభై నిమిషాల తర్వాత ఇంకో రెండు కార్లు వచ్చాయి. అవ్వను నలుగురు ఎత్తి పక్కన పెట్టారు. ఎర్మిలాను, రొసాల్బాను, ఇంకో ఇద్దరిని చేతులు వెనక్కి కట్టి ఎక్కించారు. హెలికాప్టరు మళ్ళీ మలుపు తీసుకుంటోంది. దాని హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ఇంక వీళ్ళను ఎక్కడికి తీసుకెళ్తారో, కాగితాలు లేవని సరిహద్దు అవతలికే తోసేస్తారో ఎవరికీ తెలియదు. ఎర్మిలాకూ తెలియదు.

కారు కదిలింది. మలుపు దగ్గర హోరు తగ్గగానే ఆమె కిటికీ సందులోంచి గొంతు చించుకుని అరిచింది.

"సెల్సో, సోమవారానికి గింజలు రెండింతలు నానబెట్టు. ఊరి బడి పిల్లలకి కూడా కబురు పంపు, పెట్టె ఒకటే కదా."