మంచం పలక గిటారు

వైరింగు పని మీద కార్ నికోబార్ దీవికి వెళ్లిన రాజేంద్ర సునామీలో పోయాడు. డెలానీపూర్‌ ఇంట్లో ఒంటరిగా మిగిలిన భార్య సాయిలక్ష్మి, అతని ఎలక్ట్రిక్ గిటారుకి దుప్పటి చుట్టి బీరువా వెనక పెట్టింది. ఏళ్లు గడిచినా మళ్లీ విప్పలేదు.

పెళ్లిళ్లలో రాజేంద్ర దాన్ని వాయిస్తుంటే "ఫారిన్ మాల్ కదా, ఆ మోతే వేరు" అనుకునేవారు జనం. దాని తల మీదున్న అమెరికా కంపెనీ పేరు అతను పెయింటుతో రాసుకున్నదని సాయిలక్ష్మికొక్కదానికే తెలుసు. విరిగిన మంచం తాలూకు పడౌక్ చెక్క పలకని వంటింటి గుమ్మంలో కూర్చుని గిటారుగా కోశాడు. తీగల కదలికని పట్టే అయస్కాంతాలకి అతను సన్నటి రాగితీగ చుడుతుంటే, చిక్కు పడకుండా అందించింది ఆమే.

ఒక సాయంత్రం, హోటల్లో పాటలు వాయించే లోహిత్ గరాచర్మ నుంచి వెతుక్కుంటూ వచ్చాడు.

"దీదీ, భయ్యా గిటారు ఒక్కసారి వాయించి చూడనా? మీరు ఇస్తానంటే నేనే కొనుక్కుంటాను."

ఆమె దుప్పటి విప్పి ఇస్తే, తను తెచ్చుకున్న చిన్న స్పీకరుకి తగిలించి మీటాడు. గది నిండిపోయింది. సాయిలక్ష్మి గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"క్యా బాత్ హై! అసలు సరుకంటే ఇదీ దీదీ. మావన్నీ రేకు డబ్బాలే."

అంతగా మురిసిపోతున్నవాణ్ణి మోసగించడానికి ఆమెకి మనసొప్పలేదు. "ఫారిన్‌ది కాదు బాబూ. మా ఆయన చేసుకున్నదే. పాత మంచం పలకతోటి."

లోహిత్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. గిటారు తల మీది పేరుని గోటితో గీరి చూసి, మళ్లీ అదే పాట వాయించాడు.

"సచ్ బోలూఁ దీదీ... కాస్త మొద్దుగానే ఉంది. పలక లకడీ సరైంది కాదేమో."

"ఇందాకా ఇదే కదా వాయించావు?"

"ఇందాక సరిగ్గా వినలేదనుకుంటా."

అతను అబద్ధమాడటం లేదు. నిజంగానే అతనికలా వినిపిస్తోంది. అది చూసి ఆమెకి కోపం రాలేదు, భయం వేసింది. తనకి అంత తియ్యగా వినిపించడం కూడా, చేసిన చేతులు తెలిసినందువల్లేనా? నీకూ ఇలాగే వినిపిస్తోందా అని అడుగుదామంటే ఆ చేతుల్నెరిగిన మనిషి ఇంకెవరున్నారు?

వాన వచ్చేలా ఉందంటూ లోహిత్ స్పీకరు పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె గిటారుని ఒళ్లోకి తీసుకుని ఒక తీగ మీటింది. స్పీకరు లేక దోమ రొదంత వచ్చి ఆగిపోయింది. వంగి, చెంప చెక్కకి ఆనించి మళ్లీ మీటింది. దవడ ఎముకలోంచి సన్నటి వణుకు చెవిలోకి పాకింది. అది ఆరిపోయేదాకా కదలకుండా ఉండి, ఇంకోసారి మీటింది.